గుజ్జు పెరగడం వేరు, నొప్పి తగ్గడం వేరు

మోకాలి కీలులో తొడ ఎముక, కింది కాలి ఎముక ఒరుసుకోకుండా వాటి కొనలను కప్పి ఉంచే నున్నటి పొర పేరు మృదులాస్థి. తెలుగువారు దాన్ని గుజ్జు అంటారు. చింతపండు గుజ్జు, మామిడి గుజ్జు అన్నప్పుడు తోచే మెత్తదనం దీనికి లేదు. కొన్ని మిల్లీమీటర్ల మందంతో గట్టిగా, జారుడుగా ఉంటుంది. ఇందులో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. ఉన్న కొద్దిపాటి కణాలు పెద్ద వయసులో దాదాపు విభజన చెందవు. చర్మం మీది గాయంలా ఇది మానకపోవడానికి కారణం అదే. నరాలు లేవు కాబట్టి ఈ పొర అరిగినంత మాత్రాన నొప్పి పుట్టదు. నొప్పి కింది ఎముక నుంచి, కీలు లోపలి పొర వాపు నుంచి, చుట్టూ ఉన్న స్నాయువుల నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించే మోకాళ్లతో హాయిగా మెట్లెక్కేవారున్నారు. కాస్త అరిగినా రాత్రిళ్లు నిద్రపట్టనివారూ ఉన్నారు.

ఆపరేషన్ లేకుండా కీళ్ల నొప్పులు తగ్గిస్తుందంటున్న రీజెనరేటివ్ మెడిసిన్‌ను తూచడానికి ఈ తేడాయే తక్కెడ. దెబ్బతిన్న కణజాలాన్ని తిరిగి పెంచే వైద్యమని ఆ పేరుకు అర్థం. ఆ పేరుతో అమ్ముడవుతున్నవాటిలో చాలా మటుకు నొప్పిని కొంతకాలం తగ్గించే ఇంజెక్షన్లే. నొప్పి తగ్గడం చిన్న సంగతి కాదు. కానీ గుజ్జు పెరుగుతుందని చెప్పి నొప్పి మందు అమ్మడం రోగికి అన్యాయం చేయడమే.

వీటిలో ఎక్కువగా వాడుతున్నది పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. రోగి చేతి నుంచి రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుక్కు చేరతాయి. ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి నొప్పి ఉన్న చోట ఎక్కిస్తారు. డెంగీ రోజుల్లో ఇంటింటా లెక్కపెట్టుకునే ప్లేట్‌లెట్లే ఇవి. రక్తం గడ్డకట్టించడంతో పాటు గాయం మానడానికి పనికొచ్చే ప్రొటీన్లను ఇవి విడుదల చేస్తాయి. వాటిని గాయం దగ్గరే కుమ్మరిస్తే మరమ్మతు వేగం పుంజుకుంటుందన్నది దీని వెనుక ఉన్న తర్కం. అయితే పీఆర్‌పీ ఒకే మందు కాదు. ఎంత రక్తం తీశారు, ఎంతసేపు తిప్పారు, తెల్లకణాలు ఉంచారా తీసేశారా అన్నదాన్ని బట్టి సిరంజిలోని పదార్థమే మారిపోతుంది. ఒక చోట వచ్చిన ఫలితాన్ని మరో చోట ఆశించలేకపోవడానికి ఇదొక కారణం.

దీనికి గట్టి పరీక్ష ఆస్ట్రేలియాలో జరిగింది. సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల్లో మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ (అరుగుదలతో వచ్చే కీళ్లవ్యాధి) ఉన్న 288 మందిలో సగం మందికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్‌పీ ఇంజెక్షన్లు, మిగతావారికి ఉప్పునీటి సెలైన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత పీఆర్‌పీ తీసుకున్నవారి నొప్పి పదికి 2.1 పాయింట్లు, సెలైన్ తీసుకున్నవారి నొప్పి 1.8 పాయింట్లు తగ్గింది. లెక్కలోకి వచ్చే తేడా కాదది. ఎంఆర్‌ఐలో మృదులాస్థి పెరగలేదు సరికదా, రెండు వర్గాల్లోనూ కొద్దిగా తగ్గింది. ఉప్పునీటితోనూ నొప్పి తగ్గిందంటే రోగులు అబద్ధం చెప్పారని కాదు. కీళ్ల నొప్పి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, బాగా ఎక్కినప్పుడే జనం వైద్యానికి వెళతారు. నయమవుతుందన్న నమ్మకం కూడా పనిచేస్తుంది.

మోచేతికి వచ్చే టెన్నిస్ ఎల్బో విషయంలో మొదట ఆశ చిగురించింది. పీఆర్‌పీని స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోలుస్తూ నెదర్లాండ్స్‌లో 100 మందిపై జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. స్టెరాయిడ్ తీసుకున్నవారికి ముందు బాగా తగ్గి నొప్పి మళ్లీ తిరగబెట్టింది, పీఆర్‌పీ తీసుకున్నవారు నెమ్మదిగా మెరుగై ఏడాది నాటికి ముందంజలో ఉన్నారు. తర్వాత అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు ఆ ఆశను చాలావరకు తగ్గించాయి. అయినా వైద్యులు పీఆర్‌పీ వైపు మొగ్గడానికి అర్థం ఉంది. మోకాలిలో మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు స్టెరాయిడ్ ఇస్తే సెలైన్ కంటే నొప్పేమీ ఎక్కువగా తగ్గలేదని, పైగా మృదులాస్థి ఎక్కువగా అరిగిందని 2017లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. స్వంత రక్తంతో అలాంటి హాని తక్కువ.

ఇక మూలకణాల పేరు వింటేనే ఆశ పెరుగుతుంది. తుంటి ఎముక మజ్జ నుంచి తీసిన ద్రవంలో ఆ కణాలు వేలల్లో ఒకటి కూడా ఉండవు. వాటికి 1991లో మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే, అవి కొత్త కణజాలంగా మారవని, చుట్టుపక్కల కణాలకు సంకేతాలు మాత్రం పంపుతాయని, ఆ పేరు మార్చాలని 2017లో రాశారు. పేరు పెట్టిన మనిషే వద్దన్న అర్థాన్ని ప్రకటనలు ఇంకా మోస్తున్నాయి. అమెరికాలో దాదాపు 480 మందిపై మూడు రకాల కణ చికిత్సలను స్టెరాయిడ్‌తో పోల్చి చూస్తే, ఏడాది తర్వాత ఏదీ స్టెరాయిడ్‌ను మించలేదని 2023లో తేలింది.

భారతదేశంలో నియమం స్పష్టంగానే ఉంది. రక్త సంబంధ వ్యాధుల వంటివాటికి చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలు పరిశోధన దశలోనివేనని, అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే ఇవ్వాలని 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్‌లో చేరినవారి నుంచి చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఆ దారిలో నడిచి బెంగళూరుకు చెందిన స్టెమ్‌ప్యూటిక్స్ తయారుచేసిన కణాల ఇంజెక్షన్ 2022లో మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్‌కు అనుమతి పొందింది. అనుమతి లేని ఉత్పత్తులతో ప్రమాదం ఊహాగానం కాదు. 2018లో అమెరికాలో బొడ్డుతాడు రక్తం నుంచి తయారైన ఉత్పత్తుల ఇంజెక్షన్ల తర్వాత 12 మంది బాక్టీరియా ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రుల పాలయ్యారు.

గుజ్జును నిజంగా తిరిగి పెంచడానికి దగ్గరగా వచ్చిన పద్ధతి ఒకటుంది. రోగి మృదులాస్థి కణాలను తీసి, ప్రయోగశాలలో పెంచి, గుంత పడిన చోట తిరిగి అమర్చిన స్వీడన్ వైద్యులు 23 మంది ఫలితాలను 1994లో ప్రకటించారు. అది ఆపరేషన్‌తో చేసే చికిత్స. ఆటలోనో ప్రమాదంలోనో ఒక చోట మాత్రం దెబ్బతిన్న కీలుకే పనికొస్తుంది, వయసుతో మొత్తం అరిగిన కీలుకు కాదు.

ఆపరేషన్ లేని మార్గాల్లో బలమైన ఆధారం ఉన్నవి తొడ కండరాలను గట్టిపరిచే వ్యాయామం, బరువు తగ్గడం. కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అమెరికా కీళ్లవ్యాధి నిపుణుల సంఘం 2019లో ఈ రెండింటినీ గట్టిగా సిఫార్సు చేసి, మోకాలి ఆర్థరైటిస్‌కు పీఆర్‌పీ, మూలకణ ఇంజెక్షన్లు వద్దని అంతే గట్టిగా చెప్పింది. అక్కడి ఎముకల వైద్యుల సంఘం కొంత మెత్తబడి, పీఆర్‌పీ నొప్పి తగ్గించవచ్చని 2021లో పరిమితంగా ఒప్పుకుంది. కొన్ని నెలలు క్రమం తప్పక వ్యాయామం చేసినా నొప్పి వదలనివారు, అరుగుదల మధ్యస్థంగా ఉన్నవారు, ఖర్చు భరించగలవారు పీఆర్‌పీ ప్రయత్నించవచ్చు, గుజ్జు మీద ఆశ పెట్టుకోకుండా. కాలు దొడ్డికాలుగా వంగి, ఎముకకు ఎముక తగులుతున్న దశలో ఇంజెక్షన్ల మీద ఏళ్లు గడిపితే నడక తగ్గి తొడ కండరం సన్నబడుతుంది. ఆ తర్వాత మోకీలు మార్పిడి చేయించుకున్నా కోలుకోవడం కష్టమవుతుంది.