భోపాల్‌పట్నం: ఖనిజాల మ్యాప్ ఉంది, మనుషుల మ్యాప్ ఏది?

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి ఎక్కడ ముగుస్తుందో తెలుసా? గోదావరి దాటాక, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా భోపాల్‌పట్నంలో. ఒకప్పుడు అది బస్తర్ సంస్థానంలో జమీందారీ. ఇప్పటికీ అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. మన జీఎస్-3 నోట్సులో మాత్రం అది "తీవ్రవాద ప్రభావిత ప్రాంతం" అనే ఒక్క మాట.

ఈమధ్య ఒక మాక్ టెస్టులో మైనింగ్, అంతర్గత భద్రత, గిరిజన నిర్వాసితుల మీద 15 మార్కుల ప్రశ్న వచ్చింది. అందరూ రాసేదే నేనూ రాశాను. బస్తర్ మ్యాప్ గీసి, బైలడీలా దగ్గర ఇనుప ఖనిజం గుర్తు పెట్టి, ఖనిజం నుంచి పెట్టుబడికి, పెట్టుబడి నుంచి తీవ్రవాదానికి, అక్కడి నుంచి నిర్వాసితులకు బాణాలు వేశాను. మార్కులు బాగానే పడ్డాయి. కానీ నేను సివిల్ ఇంజినీరింగ్ చదివినవాణ్ని. కొలవనిదాన్ని గీయకూడదని సర్వేయింగ్‌లో నేర్చుకున్నాను. నా మ్యాప్‌లో ఖనిజం ఎక్కడుందో ఉంది, మనుషులు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయారో లేదు.

మాది ములుగు వైపే. మిర్చి ఏరడానికి వచ్చే గుత్తికోయలను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. వాళ్లది ఏ ఊరని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రభుత్వాలూ సరిగా అడగలేదు. నా గొడవంతా ఇదే. నిర్వాసితుల్లో కాగితం ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని రెండు రకాలున్నారు. మన చట్టాలూ, మన జవాబులూ మొదటివాళ్ల దగ్గరే ఆగిపోతున్నాయి.

కాగితం ఉంటే ఏమవుతుందో లోహండిగూడ చెబుతుంది. 2005 జూన్‌లో టాటా స్టీల్ అక్కడ ఉక్కు కర్మాగారం కోసం రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 10 గ్రామాల భూమి సేకరించారు. కర్మాగారం రాలేదు, 2016లో కంపెనీ తప్పుకుంది. 2019లో ఆ భూమిని 1,707 మంది రైతులకు తిరిగి ఇచ్చారు. ఇది ఆదివాసీల గెలుపు, సందేహం లేదు. అయితే తిరిగి ఇవ్వడం ఎందుకు వీలైంది? ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో రికార్డు ఉంది కాబట్టి.

ఇప్పుడు భోపాల్‌పట్నం ప్రాంతం చూడండి. 1980ల్లో ఇక్కడ ఇంద్రావతి మీద, దిగువన ఇచ్చంపల్లి దగ్గర గోదావరి మీద ఆనకట్టలు కడతామన్నారు. ఆదివాసీలు ఎదురుతిరిగారు, బాబా ఆమ్టే తోడు నిలిచారు, ఆ ప్రతిపాదనలు ఆగిపోయాయి. 1983లో ఇంద్రావతి అడవి టైగర్ రిజర్వ్ అయింది. లోహండిగూడ ఒప్పందం కుదిరిన 2005 జూన్‌లోనే బీజాపూర్ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. జుడుంకు భయపడి కొందరు, మావోయిస్టులకు భయపడి కొందరు ఊళ్లు వదిలారు. కొందరిని శిబిరాలకు తరలించారు. మిగిలినవాళ్లు గోదావరి వైపు, అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. ఎంతమంది? పదుల వేలు అంటాయి హక్కుల సంఘాల అంచనాలు. అంచనాలే తప్ప పూర్తి జాబితా లేదు.

రెండూ ఒకే నెలలో జరిగాయి కాబట్టి ఒకదానికి ఇంకొకటి కారణమని రాసేయకండి. బైలడీలాకు దూరంగా ఉన్న ఊళ్లూ ఖాళీ అయ్యాయి. అందరినీ గని ఖాతాలో వేస్తే యుద్ధం తరిమినవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. 2013 భూసేకరణ చట్టం ప్రధానంగా ప్రభుత్వం సేకరించిన భూమికి వర్తిస్తుంది. కాలుతున్న ఇల్లు వదిలి రాత్రికి రాత్రి పారిపోయినవాడికి నోటిఫికేషనూ లేదు, పరిహారమూ లేదు. సంఘర్షణ వల్ల నిర్వాసితులైనవారికి మన దేశంలో ప్రత్యేక చట్టమే లేదు.

నది దాటితే ఇంకో దెబ్బ. 342వ అధికరణ ప్రకారం ఎస్టీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. రాష్ట్రం మారితే ఆ హోదా వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అటవీ హక్కుల చట్టానికి గీటురాయి 2005 డిసెంబరు 13. ఆ తర్వాత వచ్చి ఇక్కడ పోడు కొట్టినవాళ్లకు ఆ భూమి మీద హక్కు రాదు. అదే చట్టం సెక్షన్ 3(1)(ఎం)లో, అక్రమంగా నిర్వాసితులైనవారికి పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి అనే హక్కు ఉంది. కానీ సొంత ఊరేదో రుజువు చేయాలి. కాలిన ఇంట్లో కాగితాలు ఉంటాయా?

అటువైపు వాదనా వినాలి. పోడుతో అడవి పోతోందని అటవీ శాఖ అంటుంది. మన భూమి పోతుందని స్థానిక కోయలు భయపడతారు. 2022లో చండ్రుగొండ మండలంలో ఒక రేంజ్ అధికారి హత్య జరిగింది. ఆ నేరానికి శిక్ష పడాల్సిందే. అలాగని 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు కూల్చినట్టు ప్రతిచోటా కూలుస్తూ పోతే సమస్య తీరదు, ఇంకో మైలు లోపలి అడవికి పోతుంది.

చేయలేమా? 1997లో మిజోరం నుంచి పారిపోయిన బ్రూ ప్రజల్లో సుమారు 34 వేల మందికి 2020 జనవరి ఒప్పందంతో త్రిపురలో స్థిరనివాసం, రూ.600 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. పేర్ల జాబితా ఉంది కాబట్టే అది కుదిరింది. ఇక్కడా ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి ఉమ్మడి సర్వే చేయాలి. వదిలొచ్చిన ఊరు, అక్కడి భూమి, ఇప్పుడున్న చోటు ఇంటింటికీ రాయాలి. పట్టా లేనిచోట గ్రామసభ సాక్ష్యాన్ని ఒప్పుకోవాలి. తిరిగి వెళ్లడమా, ఉండిపోవడమా వాళ్లే చెప్పాలి.

ఇది ఇప్పుడే జరగాలి. మావోయిజాన్ని అంతం చేయడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టింది. తుపాకులు ఆగాక రోడ్లు వస్తాయి, పెట్టుబడి వస్తుంది. భోపాల్‌పట్నం దగ్గర కోరండం ఉందని జియాలజీ మ్యాపులు ఇప్పటికే చెబుతున్నాయి. ఆ రోజు ఖాళీగా కనిపించే ఊళ్లను "జనావాసం లేని భూమి" అని రాసుకుంటే, అవి ఖాళీ కాలేదు, ఖాళీ చేయించారు అని చెప్పడానికి ఒక్క కాగితమైనా ఉండాలి కదా.

మనలో ఎవరో ఒకరు రేపు ములుగులోనో బీజాపూర్‌లోనో సబ్ కలెక్టర్ కుర్చీలో కూర్చుంటాం. ఆ ఫైల్ మన టేబుల్ మీదికే వస్తుంది. అప్పుడు బాణాలు గీస్తే మార్కులు పడవు. "మీది ఏ ఊరు?" అని అడిగి రాసుకోవడం ఇప్పటి నుంచే నేర్చుకుందాం.