చదువంటే చేను విడవడమేనా?

గుడిసెలో పుట్టాడు, అమెరికా వెళ్లాడు, గొప్పవాడయ్యాడు. గెబిసా ఎజెటా గురించి ఇలా ఒక్క ముక్కలో చెప్పేయడం తేలిక. ఆ ముక్కను మేము ఒప్పుకోం. చదువంటే పల్లెను, పంటను వదిలి పారిపోవడమని అది మన పిల్లలకు నేర్పుతుంది. ఎజెటా జీవితం చెప్పేది వేరు.

ఆయన 1950లో ఇథియోపియాలోని వొలొంకొమి పల్లెలో, ఒంటిగది గడ్డింట్లో పుట్టాడు. తల్లి పట్టుబట్టి పొరుగూరి బడిలో చేర్పించింది. ఆదివారం 20 కిలోమీటర్లు నడిచి బడికి, శుక్రవారం మళ్లీ నడిచి ఇంటికి. గుట్టలు దిగి ఆశ్రమ పాఠశాలకు వచ్చే మన పిల్లలకు ఈ నడక ఎలాంటిదో విడమరచి చెప్పాలా? ఇంజనీరింగ్ చదవాలని ఆయన కోరిక. వ్యవసాయం చదివితే ఇంకా ఎక్కువ చేయగలవని ఒప్పించింది కూడా ఆ తల్లే.

1978లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. ఆ తర్వాత ఇక్రిశాట్ తరఫున సూడాన్ వెళ్లాడు. ఆ సంస్థ కేంద్రం మన పటాన్‌చెరులోనే ఉంది. కరువును తట్టుకుని ఎక్కువ పండే హైబ్రిడ్ జొన్న, హగీన్ దుర-1, ఆయన కృషితో 1983లో రైతులకు అందింది.

తర్వాత పర్డ్యూలో ఆచార్యుడై స్ట్రైగా మీద పడ్డాడు. ఈ కలుపు విత్తనం ఏళ్ల తరబడి నేలలో నిద్రపోతుంది. జొన్న వేరు నుంచి వచ్చే రసాయనం తగిలితే లేస్తుంది. వేరును పట్టుకుని పైరు సత్తువంతా పీల్చేస్తుంది. ఆ రసాయనం తక్కువగా వదిలే జొన్నలను ఎజెటా, ఆయన సహచరులు వెతికి పట్టి, కొత్త రకాలు తీశారు. 1994లో 8 టన్నుల విత్తనం ఆఫ్రికా రైతులకు వెళ్లింది. 2009లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

ఈ ఘనత ఒక్కరిదేనా? అడవి గడ్డిని వేల ఏళ్లు ఏరి, దాచి, జొన్నగా మార్చింది ఈశాన్య ఆఫ్రికా రైతులు. వాళ్లు దాచిన గింజలు లేకపోతే ప్రయోగశాలకు పనే లేదు. వాళ్ల పేర్లు ఏ బహుమతి పత్రం మీదా ఉండవు. ఇంకో మాట. హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాలి. దిగుబడి ఎంత పెరిగినా, విత్తనం రైతు గాదెలో లేకపోతే పెత్తనం అమ్మేవాడిదే. శాస్త్రాన్ని మెచ్చుకుంటూనే ఈ ప్రశ్న మనం వేయాలి.

ఇప్పుడు మన సంగతి. ఆదిలాబాద్ గూడేల్లో జొన్న చేలను పత్తి మింగుతోంది. కొత్త పంట దేవతకు పెట్టనిదే నోట పెట్టని ఇళ్లలో, జొన్న గటక తిన్నానని చెప్పడానికి పిల్లాడు సిగ్గుపడుతున్నాడు. ఆ సిగ్గు ఇంట్లో పుట్టలేదు. తన తిండి, తన పంట ఏ పాఠంలోనూ కనపడని చోట పుట్టింది.

ఉపాధ్యాయ మిత్రులారా, ఊళ్లో మిగిలిన జొన్న, సామ, కొర్ర గింజలు పిల్లలతోనే తెప్పిద్దాం. వాటి పేర్లు గోండిలో, కోయలో, కొలామీలో రాయిద్దాం. ఏది ఏ నేలలో ఎందుకు నిలుస్తుందో అవ్వలను అడిగి తెలుసుకోవడమూ విజ్ఞాన పాఠమే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వ్యవసాయ కోర్సును మిగిలిపోయిన సీటుగా చూడకండి. పటాన్‌చెరుకు మనం చూసి రావడానికి వెళ్తే చాలదు. అక్కడ పరిశోధన చేసేవాళ్లలో మనవాళ్లుండాలి. వాళ్లు తీసిన విత్తనం మన గూడేనికి రావాలి, మన గాదెలో నిలవాలి.