పలకని పిల్లవాడు

మా మదర్సాలో హిఫ్జ్ చేస్తున్న తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు 'సీన్'కూ 'సే'కూ తేడా లేకుండా పలికేవాడు. వెనుక నుంచి పిలిస్తే బదులిచ్చేవాడు కాదు. మొండితనమని తలచి ఒకనాడు చెంపపై కొట్టాను. పాఠం చెబుతున్నంతసేపూ వాడు నా పెదవుల వైపే చూసేవాడన్న సంగతి నాకు ఆలస్యంగా స్ఫురించింది.

తండ్రి వాడిని చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాడు. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనుక ద్రవం చేరిందట. తరచూ వచ్చే జలుబు, ముక్కు వెనుక పెరిగిన అడినాయిడ్ గ్రంథులు దీనికి కారణమవుతాయి. నొప్పి ఉండదు గనుక ఇంట్లోవారికి తెలియదు. చాలామందిలో సుమారు మూడు నెలల్లో అదే తగ్గిపోతుంది. తగ్గకపోతే కర్ణభేరిలో చిన్న గొట్టం అమరుస్తారు. చెవిపై కొట్టిన దెబ్బకు కర్ణభేరి చిరిగిపోవచ్చని కూడా ఆ వైద్యుడే చెప్పారట. నేను వారి ఇంటికి వెళ్లి, తండ్రి సమక్షంలో ఆ అబ్బాయిని క్షమాపణ కోరాను. వాడు సిగ్గుపడి తండ్రి వెనుక దాక్కున్నాడు.

చెవి కారుతుంటే వెల్లుల్లి కాచిన నూనె పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. కర్ణభేరికి రంధ్రం పడి ఉంటే ఆ నూనె లోపలికి దిగి హాని చేస్తుంది. అటువంటి రంధ్రాన్ని శస్త్రచికిత్సతో మూయవచ్చు.

లోపలి చెవిలోని లోపం వేరు. దానికి వినికిడి యంత్రం అవసరమవుతుంది. తీవ్రమైన చెవుడైతే కాక్లియర్ ఇంప్లాంట్ అమరుస్తారు. మాటలు నేర్చే తొలి ఏళ్లలోనే చేయిస్తే ఫలితం మెరుగు. తెలంగాణలో అర్హులైన చిన్నారులకు ఆరోగ్యశ్రీ కింద ఈ చికిత్స లభిస్తుంది. పుట్టిన బిడ్డకు చేసే వినికిడి పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు, నొప్పి ఉండదు. దగ్గరి బంధువుల మధ్య వివాహం ధర్మసమ్మతమే, అయితే విధి కాదు. వంశంలో పుట్టుచెవుడు ఉంటే సంబంధం ఖాయం చేసుకునే ముందే వైద్యుని సంప్రదించండి.

గొట్టం అమర్చాక చెవిలోకి నీరు పోనివ్వవద్దన్నారు, మరి వుజూ ఎలా అని ఆ తండ్రి నన్ను అడిగాడు. మసహ్ అంటే తడి వేళ్లతో చెవులను తుడవడమే, లోపల నీరు పోయనక్కరలేదు. స్నానం వేళ వ్యాసలైన్ రాసిన దూదిని చెవి ద్వారం వద్ద ఉంచమని వైద్యుడు చెప్పారట, అలాగే చేయమన్నాను. అబ్బాయి ఇప్పుడు ముందు వరుసలో, నాకు ఎదురుగా కూర్చుంటున్నాడు.