కాలేయమున కొవ్వు

కాలేయమునకు జబ్బు చేసినదన్న చాలు, కల్లు దుకాణమును ముద్దాయిగా నిలువబెట్టి, సాక్ష్యము వినకయే తీర్పు చెప్పుట మన వాడుక. మద్యము నిర్దోషియని మేము వాదించుట లేదు. కాని యుప్పలు, నాచారములలో చుక్క ముట్టని గృహస్థులుగూడ నేడు వైద్యునిచే 'కాలేయమున కొవ్వు చేరినది' యనిపించుకొని, లోకమేమనుకొనునో యని చీటీని జేబులో దాచుకొనుచున్నారు.

హైదరాబాదు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులును, ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులును ఈ నగరమందలి 345 మంది సాఫ్టువేరు ఉద్యోగులను పరీక్షించి, 2025లో ఫలితములు ప్రకటించిరి. నూటికి 84 మంది కాలేయములందు కొవ్వు హెచ్చుగా నుండెను; 71 మంది స్థూలకాయులు. వీరందరును త్రాగుబోతులా?

అసలు దోషి మన పళ్లెములోనే యున్నాడు. పూటపూటకు తెల్లన్నము, నడుమ నాలుగు మార్లు చక్కెర చాయ్, పైని తీపి పానీయము, ఆపై దినమంతయు కుర్చీ. ఒంటికి అక్కరకు మించిన పిండిని, చక్కెరను కాలేయము కొవ్వుగా మార్చి తనలో దాచుకొనును. మధుమేహము దీనికి తోడుబోయిన దాయాది. నొప్పి లేదు గనుక రోగికి తెలియదు. ఏండ్లు గడచిన పిమ్మట కొందరి కాలేయము వాచి, మచ్చలు కట్టి, గట్టిపడును. క్యాన్సరుకైనను దారి తీయవచ్చును. బొజ్జను కలిమికి గుర్తుగా నెంచు పెద్దలు మనలో నింకను గలరు!

అయినను గట్టిపడకమునుపు ఇది మరలింపదగిన వ్యాధియే. స్థూలకాయుడు బరువులో నూటికి 5 పాళ్లు, అనగా 80 కిలోల మనిషి 4 కిలోలు, తగ్గినచో కొవ్వు కరగ నారంభించును. 7 మొదలు 10 పాళ్లు తగ్గినచో వాపు సైతము ఉపశమించును. పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లకు నడుము మించినచో జాగరూకత వలయును. దర్జీవాని టేపు చాలును.

కాని రాత్రి షిఫ్టు చేసివచ్చిన నాచారము కార్మికునితో 'తెల్లవారి నాలుగు మైళ్లు నడువుము' అనుట పరిహాసము. అతడు తినునది కాంటీను పెట్టినది. 250 మందికి మించిన కర్మాగారములకు కాంటీను విధింపవచ్చుననియు, అందు వడ్డించు పదార్థములనుగూడ నిర్ణయింపవచ్చుననియు 1948 నాటి కర్మాగారముల చట్టమే ప్రభుత్వములకు అధికారమిచ్చెను. ఏమి వడ్డింపవలెనో చెప్పువారును దూరమున లేరు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూత్రములలో, ధాన్యములవలన వచ్చు శక్తి నూటికి 45 పాళ్లు మించరాదనియు, పప్పులు, కూరలు హెచ్చవలెననియు నున్నది. ఉప్పలున మెట్రో ఎక్కినచో తార్నాక నాలుగవ స్టేషను. ఆ మాట మాత్రము ఇంతవరకు మన కాంటీనులకు వచ్చి చేరినట్లు కానరాదు.

కేంద్ర ప్రభుత్వము 2021లో ఈ వ్యాధిని అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమమున చేర్చినది. కావున బస్తీ దవాఖానాలలో వచ్చినవారి నడుము కొలిచి, అనుమానమున్నవారిని పరీక్షకు పంపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. నాచారము యజమానులను వేరొకటి యడుగుచున్నాము: వచ్చు నెలనుండి మీ కాంటీనులలో అన్నము ఒక గరిటె తగ్గించి, పప్పును, కూరను ఒక్కొక్క గరిటె పెంచుటకు మీకు గల అభ్యంతరమేమి?