పెద్ద కలవాను నీళ్లలోనే ఉండనివ్వండి

పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,

యానాం మీ పాలనలో ఉన్న తెలుగు ఊరు. నేను ఆ ఊరివాణ్ణి, కాపురం మాత్రం పుదుచ్చేరిలో. అందుకే ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. సరదాకి చేపలు పట్టడానికి పర్యాటకులను సముద్రంలోకి తీసుకెళ్లే పడవల గురించి మీతో మాట్లాడాలి.

శని, ఆదివారాలు వస్తే చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల నుంచి వచ్చినవాళ్లు రాడ్లూ రీళ్లూ పట్టుకుని తెల్లారకముందే పడవెక్కుతున్నారు. అరియాంకుప్పం ఏటి మొగ దాటి బాగా లోపలికి పోయి, ఇక్కడి జాలరులు ‘పార్’ అనే రాతి నేలల మీద పడవ ఆపి గాలాలు దింపుతారు. వంజరం, పార లాంటి పరుగు చేపలు కొన్ని దొరుకుతాయి. కానీ రాళ్ల మీద గాలం దింపినవాడి మనసంతా కలవా మీదే ఉంటుంది. హోటళ్ల మెనూల్లో గ్రూపర్ అని రాసేది దీన్నే.

ఈ ప్రయాణాలు ఆపమని నేను అడగడం లేదు. గాలం ట్రాల్ వలలాగా అడుగునంతా ఊడ్చుకురాదు. ఒక్క రోజు నలుగురిని ఎక్కించుకుంటే, వల వేసినా వేయకపోయినా, సరంగు చేతిలో డీజిల్ ఖర్చు పోను నాలుగు డబ్బులు మిగులుతాయి. గోబేర్ వీధి గట్టు మీద కూర్చుని అలలు చూసి వెళ్లిపోయే మనిషికి ఆ నీళ్ల కింద ఏముందో తెలిసే దారి కూడా ఇదే. ఇది నిలవాలి. నిలవాలంటే కలవా నిలవాలి.

ఈ చేప బతుకు మిగతా చేపల్లాంటిది కాదు. ఈ జాతిలో ఎక్కువ రకాలు పుట్టినప్పుడు ఆడవే. ఏళ్లు గడిచి, ఒళ్లు పెరిగాక వాటిలో కొన్ని మగవిగా మారతాయి. మన తీరంలో దొరికే నారింజ చుక్కల కలవానే తీసుకోండి. పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల దగ్గర ఆడ చేపగా గుడ్లు పెట్టే ఈడుకు వస్తుంది. 55 నుంచి 75 సెంటీమీటర్ల మధ్యలో మగదవుతుంది. అంటే పడవలో ఫొటో కోసం అందరూ కోరుకునే పెద్ద చేపే ఆ రాతి నేలకు మగ దిక్కు. అలాంటివి నాలుగు తీసేస్తే మిగిలిన ఆడ చేపలు ఎన్నున్నా లాభం లేదు. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఈ చేపకే హేచరీలో పిల్లలు తీయడం సాధించింది. మగవి దొరకడం కష్టం కాబట్టి హేచరీల్లో ఆడవాటికి హార్మోన్లు ఇచ్చి మగవిగా మార్చుకునే పద్ధతి కూడా ఉంది. హేచరీలో అంత ప్రయాసపడి తయారుచేసుకునే మగ చేపను మనం ఒక ఫొటో కోసం చంపుకుంటున్నాం.

పట్టి వదిలేస్తే సరిపోతుంది కదా అని కొందరు మంచి మనసుతోనే అంటారు. లోతు నుంచి గబగబా పైకి లాగిన కలవా పొట్టలోని గాలి తిత్తి ఉబ్బిపోతుంది. కడుపు నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది, కళ్లు వెలికి వస్తాయి. నీళ్లలో వదిలినా కిందికి దిగలేక వెల్లకిలా తేలుతుంది. గద్దలకో పెద్ద చేపలకో ఆహారమైపోతుంది. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. సీసపు గుండు కట్టిన ఒక క్లిప్పుతో చేప దవడ పట్టి, తాడు మీద లోతుకు దింపి వదిలితే, నీటి ఒత్తిడికి తిత్తి మళ్లీ కుంచించుకుని చేప ఈదుకుంటూ పోతుంది. తేంగాయ్‌తిట్టు హార్బరులో గాలాలు కట్టే ఏ చేయి అయినా దీన్ని తయారు చేయగలదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2017 నుంచి సముద్రపు అడుగు చేపలకు వెళ్లే ప్రతి పడవలో ఇలాంటి సాధనం ఉండాలని నియమం పెట్టింది.

అమెరికా పశ్చిమ తీరం కథ మనకు పనికొస్తుంది. అక్కడి రాక్‌ఫిష్ కూడా రాళ్లను అంటిపెట్టుకుని, నిదానంగా పెరిగేదే. కొన్ని రకాలు వందేళ్లు దాటి బతుకుతాయి. వాటిని మితిమీరి పట్టడంతో 2002లో ప్రభుత్వం తీరం పొడవునా పెద్ద ప్రాంతాలను మూసేయాల్సి వచ్చింది. కానరీ అనే రకం కోలుకుందని ప్రకటించేసరికి 2015 వచ్చింది. పర్యాటకుల పడవలు మాత్రం అంతరించలేదు. మనిషికి ఇన్ని చేపలే అన్న లెక్కకు లోబడి ఈనాటికీ నడుస్తున్నాయి. మన దగ్గర మూసివేత దాకా రానివ్వకూడదని నా ఆరాటం.

మన దేశంలోనే కేరళ 58 రకాల సముద్ర జీవులకు పట్టదగిన కనీస పరిమాణం నిర్ణయించింది. కలవాకు కనీస పరిమాణం ఒక్కటే చాలదు, గరిష్ఠ పరిమాణం కూడా కావాలి. ఇంత కంటే చిన్నదీ, ఇంత కంటే పెద్దదీ తిరిగి నీళ్లలోకే వెళ్లాలని మీ మత్స్య శాఖ చెప్పాలి. ఆ కొలతలు శాస్త్రజ్ఞులు ఇస్తారు. జెయింట్ గ్రూపర్ అనే మహాకాయానికి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. గాలం పట్టుకున్న పర్యాటకుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు తగల్లేదు. పడవ ఎక్కే ముందే బొమ్మతో సహా చూపించాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట ఆగుతుంది. ఈ నిషేధం నుంచి సంప్రదాయ పడవలకు ఇచ్చిన వెసులుబాటు పొట్టకూటి వేట కోసం ఇచ్చింది. సరదా ప్రయాణాలు దాన్ని వాడుకోకూడదు. ఆ రెండు నెలలూ వాటికి పూర్తిగా సెలవు ప్రకటించండి.

మత్స్యకార గ్రామమైన వీరాంపట్టినంలో సెంగళునీర్ అమ్మవారి రథోత్సవానికి ఫ్రెంచి గవర్నర్ల కాలం నుంచీ పాలకులే వచ్చి తేరు తాడు పట్టుకుంటారు. మీ పదవికీ ఆ ఊరికీ ఉన్న ఆ బంధాన్ని గుర్తుపెట్టుకుని అడుగుతున్నాను: ఈ ప్రయాణాల అనుమతులు ముందుగా మత్స్యకార గ్రామాలకే దక్కాలి. ఏ పార్ మీద చేప తగ్గిందో, దేన్ని ఒక ఏడాది వదిలేయాలో ఆ ఊళ్ల పెద్దలకు తెలుసు. బయటి పెట్టుబడితో వచ్చినవారికి ఈ చోట చేప అయిపోతే ఇంకో చోటు ఉంటుంది. వీరాంపట్టినానికి ఉన్నది ఈ సముద్రమే.

ప్రాణాల సంగతి కూడా చెప్పాలి. వేటకు నమోదైన పడవ వేరు, ప్రయాణికులను ఎక్కించుకునే పడవ వేరు. ఇక్కడి ఏటి మొగలో ఇసుక మేట వేస్తే అల ఎక్కడ విరుగుతుందో ముందుగా పట్టుకోవడం అనుభవజ్ఞుడికే కష్టం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు గోదావరి పొట్టన పెట్టుకున్నవాళ్లను మా ప్రాంతం మర్చిపోలేదు. లైఫ్ జాకెట్టు లేనిదే హార్బరు దాటనివ్వకండి.

ప్రతి పడవలో ఒక పుస్తకం ఉంచితే చాలు. పట్టిన చేప రకం, పొడుగు, వదిలారా లేదా అన్నది సరంగు రాస్తాడు, నెలకోసారి మత్స్య శాఖ తీసుకుంటుంది. రెండు మూడేళ్లలో ఏ పార్ మీద ఏం జరుగుతోందో మన చేతికే లెక్క వస్తుంది.

వచ్చే నిషేధ కాలం ముగిసేలోగా ఈ నియమాల ముసాయిదా బయటపెట్టండి. తమిళంలోనూ తెలుగులోనూ అచ్చు వేయించి, గ్రామ పంచాయతీలకు పంపి, వాళ్ల మాట విన్నాకే ఖాయం చేయండి.

ఇట్లు,
పుదుచ్చేరిలో ఉంటున్న ఒక యానాం మనిషి