మెయిన్‌ఫ్రేమ్ చదివేవారికి చేతి పుస్తకం కావాలి

"అన్నీ నెట్‌లో ఉన్నాయి కదన్నా, ఇంకా ఈ జిరాక్సు కాగితాలెందుకు?" అని మన హాస్టల్లో కంప్యూటర్ కోర్సులు చదివే తమ్ముళ్ళు అడుగుతుంటారు. నెట్‌లో ఉన్న మాట నిజమే. కానీ ఏమి వెతకాలో ముందు తెలియాలి కదా! మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. అది చెప్పే మనిషీ లేడు. అలాంటివారికి పది పేజీల చేతి పుస్తకం పెద్ద ఆసరా అని నా అభిప్రాయం.

ఇది మనలాంటి పేదవారి కోసం పుట్టిన ఏర్పాటు కాదు. 1964లో ఐ.బి.ఎం. సిస్టమ్/360 యంత్రాన్ని ప్రకటించింది. దానికి ఒక ఆకుపచ్చ కార్డు ఉండేది. మడిస్తే చొక్కా జేబులో పట్టేది. యంత్రానికిచ్చే ఆదేశాలు, వాటి కోడ్‌లు, అక్షరాల పట్టిక అన్నీ అందులోనే. తర్వాత 370కి పసుపు కార్డు వచ్చింది. ఇన్ని కోడ్‌లు ఎవరికీ నోటికి రావని యంత్రం చేసినవారే ఒప్పుకున్నారన్నమాట. మనవాళ్ళేమో బట్టీ పట్టమంటారు!

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల దొరికే కోబాల్, జె.సి.ఎల్. నోట్సు ఆ కార్డుకు దూరపు చుట్టమే. అయితే అందులో రెండు రకాలున్నాయి. ఒకటి ఇంటర్వ్యూ ప్రశ్నలూ జవాబులూ. నా దృష్టిలో అది దండగ. రెండవది పట్టికలున్నది. మనకు కావలసింది అదే.

ఒక ఉదాహరణ చెప్తాను. ప్రోగ్రాము మధ్యలో ఆగి ఎస్0సి7 అని చూపిస్తుంది. (నోటితో 'సాక్ సెవెన్' అంటారు. మధ్యలోది సున్నా, 'ఓ' కాదు. మసక జిరాక్సులో ఆ తేడా తెలియదు.) అంకె ఉండవలసిన చోట అంకె కానిది ఉందని దాని అర్థం. పట్టిక తీస్తే 0 నుండి 9 వరకు అంకెలు ఎఫ్0 నుండి ఎఫ్9, ఖాళీ జాగా 40 అని ఉంటుంది. డంప్‌లో ఆ లెక్క ఉండాల్సిన చోట 40, 40 అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఎవరో ఆ గడిని నింపకుండా ఖాళీగా వదిలేశారు. బట్టీ పట్టినవాడు "డేటా ఎక్సెప్షన్" అని చెప్పి ఊరుకుంటాడు. పట్టిక చూసినవాడు తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాడు.

ఇంకొకటి. మామూలు పి.సి.లో వరుసపెడితే అంకెలు ముందు, అక్షరాలు తర్వాత వస్తాయి. మెయిన్‌ఫ్రేమ్ ఎబ్సిడిక్‌లో అక్షరాలే ముందు. ఎందుకంటే 'ఎ' కోడ్ సి1, సున్నా కోడ్ ఎఫ్0. పి.సి. మీద నేర్చుకున్నవారు ఇక్కడే తికమకపడతారు. ఈ ఒక్క వాక్యం కార్డు మీదుంటే ఒక పూట మిగులుతుంది.

కార్డు ఒక్కటే చాలదని నాకూ తెలుసు. గ్నూకోబాల్ ఉచితం, మామూలు పి.సి.లో నడుస్తుంది. అసలు యంత్రం మీద సాధన చేయడానికి ఐ.బి.ఎం. జెడ్ ఎక్స్‌ప్లోర్ కూడా ఉచితమే. కానీ పదిమందికి ఒక కంప్యూటర్ ఉన్నచోట తొమ్మిదిమంది చేతిలో ఏముండాలి? స్టడీ అవర్‌లో ఫోను తీస్తే అది ఎక్కడికి తీసుకెళుతుందో మనందరికీ తెలిసిందే.

అందుకని నర్సీపట్నం దాటి ఉద్యోగాలకు వెళ్ళిన అన్నలకు నా విన్నపం: మీ ట్రంకుపెట్టెల్లోని స్పైరల్ నోట్సులో పట్టికలున్న పేజీలు మన హాస్టల్ షెల్ఫుకు పంపండి. ఏ సంవత్సరానివో పైన రాయండి. ఒక్కో కోడ్ పక్కన తెలుగులో ఒక్క ముక్క అర్థం రాస్తే మరీ మంచిది. సున్నాకు మాత్రం అడ్డగీత పెట్టడం మరచిపోకండి.