సీమ రచయితకు రాజకీయం పరాయిది కాదు

రాజకీయాల్లోకి దిగితే రచయిత చెడిపోతాడనే మాట మన సాహిత్య సభల్లో తరచూ వినిపిస్తుంది. ప్రొద్దుటూరు డాక్టర్ ఎం.వి.రమణారెడ్డి జీవితం ఆ మాటకు గట్టి జవాబు. ఆయన వైద్యుడు, కథకుడు, అనువాదకుడు. 1983లో తెలుగుదేశం తరఫున ప్రొద్దుటూరు నుంచి శాసనసభకు గెలిచారు. తర్వాత ఆ పార్టీని వదిలి రాయలసీమ విమోచన సమితి పెట్టారు. ‘రాయలసీమ కన్నీటి గాథ’ రాశారు. ఇవన్నీ ఒకే ఆలోచన నడిపించిన పనులు. వాటిని విడదీసి చూడటం వల్లే సాహిత్యకారులు ఆయనను నాయకుల లెక్కలో, నాయకులు రచయితల లెక్కలో వేసి మరిచిపోతున్నారు.

ఆ ఆలోచనకు మూలం నీళ్లు. కడప దగ్గరి చెన్నూరు వద్ద పెన్నా నది ఏడాదిలో చాలాకాలం ఇసుకగానే ఉంటుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువకు నీళ్లొదిలితే వరి, లేకుంటే బీడు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల్లో సీమకు ప్రాధాన్యమిస్తామని 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో కోస్తా, సీమ పెద్దలు ఒప్పుకున్నారు. ఆ మాట అమలు కాలేదు. కరువును మనుషుల నిర్ణయాలు కూడా తెచ్చిపెడతాయని తెలిసిన రచయిత, కన్నీళ్లను వర్ణించి ఊరుకోలేడు. ఆ నిర్ణయాలు చేసినవాళ్లను నిలదీయక తప్పదు.

ఉద్యమం రచనను కరపత్రంగా మారుస్తుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. అలా మారిన రచనలు ఉన్నాయి. అయితే పులివెందుల ప్రాంతంలో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి మార్క్సిస్టుగా ఉంటూనే ‘సంవేదన’ పత్రికలో సొంత పక్షం రచయితలను సైతం కళ దగ్గర ఉపేక్షించలేదు. రమణారెడ్డి ‘గాన్ విత్ ద విండ్’, ‘పాపియాన్’ లాంటి పెద్ద పుస్తకాలను తెలుగు చేశారు. ‘టూకీగా ప్రపంచ చరిత్ర’ రాశారు. ప్రాంతాభిమానం చూపును ఇరుకు చేస్తుందనేవారికి ఈ పుస్తకాలే సమాధానం. ఇక విమోచన సమితి రాజకీయంగా నిలదొక్కుకోలేదు, నిజమే. కానీ ఓట్లు తేల్చేది ఎవరు గెలిచారన్నదే. ఎవరి వాదన న్యాయమన్నది కాదు.

రమణారెడ్డి 2021లో కన్నుమూశారు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, సి.పి.బ్రౌన్ పరిశోధన కేంద్రం ఉంది. ఆయన రచనలను, ఉద్యమ పత్రాలను ఒకచోట చేర్చి, సాహిత్య విద్యార్థులూ రాజనీతి విద్యార్థులూ కలిసి చదివేలా చేయడం ఆ సంస్థల బాధ్యత. సీమ నీటి వాదన రేపటి తరానికి ఆవేశంగా కాక ఆధారాలతో అందాలంటే ఆ పని ఇప్పుడే మొదలవ్వాలి.